కండువా కొసల్లో సింహాలు

రాజుగారికి నేను ఏది అల్లినా, అది ముందు నా మెడలో పడాలి. అద్దం ముందు అటు తిరిగి, ఇటు తిరిగి, ఈ మెడకి ఒక్క రాజ్యమే తక్కువ అనుకుంటే గాని నాకు తృప్తి ఉండదు. గిట్టనివాళ్లు దాన్ని డాబు అంటారు. నేను శ్రద్ధ అంటాను.

మా చలిగుట్ట రాజు బసవభూపతిగారికి ఆ చలికాలం ఓ ముచ్చట పుట్టింది. ఊలుతో అల్లిన కండువా కావాలి. రెండు కొసల్లోనూ రాజముద్రలోని సింహం నిలబడి ఉండాలి. నమూనా మాత్రం ఎవరూ చూడనిదై ఉండాలి. ఎవరిది నచ్చితే వాడే ఆస్థాన అల్లికలకు పెద్ద.

అప్పటికి ఆ పెద్దరికం కుప్పావధానులుగారిది. నమూనా కల్పించడంలో ఆయన పద్ధతే వేరు. పొద్దున్నే గంధం పూసుకుని, ప్రేరణ కోసం పీట మీద కూర్చుంటారు. అది రాకపోతే భోంచేస్తారు. నిద్రలో వస్తుందేమోనని పడుకుంటారు. అల్లడం కోడళ్ల వంతు.

నాకు గురువూ లేడు, గంధమూ లేదు. నేల మీద గళ్లు గీసి, కుట్టుకో చింతపిక్క చొప్పున పేర్చుకుంటాను. మొదట సింహం మేకలా వచ్చింది. జూలు పెంచితే చీపురుకట్ట అయింది. తోక జరిపాక, కోపమొచ్చిన పిల్లిలా తయారైంది. అందులో రాజుగారి పోలిక కాస్త కనబడింది గనక అక్కడ ఆపాను.

అల్లి, అలవాటు చొప్పున మెడలో వేసుకున్నాను. మా ఆవిడ మంగతాయి చూసి, ఎడమవైపు సింహం బాగానే ఉంది గానీ కుడివైపుది గబ్బిలంలా వేలాడుతోందేమిటంది. నిజమే. ఒక కొసన మొదలెట్టి రెండో కొస దాకా ఒకే దిక్కున అల్లుకుపోతే, మెడ దాటి దిగిన బొమ్మ తలకిందులు కాక ఏమవుతుంది?

విప్పేయమంది. వద్దన్నాను. తడిపి దండెం మీద ఆరేశాను, సింహం వీధివైపు, గబ్బిలం ఇంటివైపు. ఎన్నడూ మా వీధి తొక్కని అవధానులుగారికి ఆ రోజంతా మా వీధిలోనే పని పడింది.

దర్బారులో అవధానులుగారు వెండి పళ్లెంలో, పై మడతలో సింహం కనబడేలా, కండువా సమర్పించారు. నా మూట విప్పితే అందులోనూ అదే సింహం.

తన ప్రేరణని నేను దొంగిలించానని ఆయన ఎంతో బాధపడ్డారు. రాజుగారు మండిపడ్డారు. ఇద్దరిలో దొంగ ఎవడో తేలాక వాడికి గుండు కొట్టించి, గాడిద మీద పొలిమేర దాటిస్తానన్నారు. సభంతా నా జుట్టు వైపే చూసింది.

రెండూ ఒకసారి మెడలో వేసుకు చూడమని మాత్రం మనవి చేసుకున్నాను.

ముందు అవధానులుగారిది వేసుకున్నారు. ఎడమ సింహం నిటారుగా నిలబడింది. కుడి సింహం శీర్షాసనం వేసింది. అవధానులుగారు పరుగున వచ్చి కొసలు అటుదిటు మార్చారు. ఈసారి శీర్షాసనం ఎడమది వేసింది.

"అది వినయం ప్రభూ. తమ ముందు సింహమైనా తల దించాలి కదా."

"మరి రెండోదానికి వినయం లేదా?" అన్నారు రాజుగారు.

తర్వాత నాది వేసుకున్నారు. రెండు సింహాలూ బుద్ధిగా నిలబడ్డాయి. దండెం మీది దాన్ని పక్కన పెట్టి, ఈ కండువాని కొత్తగా రెండు ముక్కలుగా, ఏ కొసకి ఆ కొస నుంచే మొదలెట్టి, మెడ దగ్గర కలిపామని విన్నవించాను.

అవధానులుగారు అంత తేలిగ్గా పోయే మనిషి కాదు. రాజు వేసుకోవలసిన బట్ట ముందు మరొకడి మెడలో పడకూడదని శాస్త్రమనీ, అందుకే తాను చూసుకోలేదనీ, నాకు ముందే తెలిసిందంటే నేను వేసుకున్నట్టేననీ అన్నారు.

అది పెద్ద నేరమే.

"నాకంటే ముందు నువ్వు వేసుకున్నావా చెంగయ్యా?"

"వేసుకున్నాను ప్రభూ. మన సింహం తలకిందులైతే నా మెడలోనే కావాలి గాని, తమ మెడలో కాకూడదని."

రాజుగారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వారు గనక సభ కూడా నవ్వింది. అవధానులుగారికి గుండు తప్పింది. ఇకమీదట ప్రతి దర్బారుకీ ఆ తలకిందుల సింహం కండువా ఆయనే వేసుకు రావాలన్నారు. నాకు పెద్దరికంతో పాటు అంతఃపురంలోని నిలువుటద్దం ఇప్పించారు.

అద్దం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, రోజూ చూసుకుంటాను. మెడ దగ్గర రెండు ముక్కల్నీ అతుకు కనబడకుండా కలపడం మాత్రం నాకు ఇప్పటికీ రాదు. ఆ అతుకు మంగతాయి వేసింది.