వాననీళ్ళు తాగే మొక్క

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వేటకని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు అన్నని వెతకబోయాడు, వాడూ రాలేదు. తల్లి అన్నం మానేసింది. మూడోవాడు నీలకేతు ఆమెతో చెప్పకుండానే బయల్దేరాడు. చెబితే పంపదు కదా.

ఏడు సముద్రాలు దాటాడు. అవతల చిత్తడి నేల. పిట్ట కూత లేదు. నడుమ మనిషెత్తు మొక్క. ఎర్రటి ఆకులు, ఆకుల నిండా నూగు, నూగు చివర మంచుబొట్లు. మిట్టమధ్యాహ్నం కూడా ఆరని మంచు. ముట్టుకోబోయాడు.

“చెయ్యి తియ్యి! అది మంచు కాదు, జిగురు!”

కుండ మోసుకొస్తున్న పిల్ల అరిచింది. ఆమె పింగళ, ఆ చోటునేలే మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమారి.

రెండు ఆకులు చాపల్లా చుట్టుకుని ఉన్నాయి. వంగి విన్నాడు. లోపల ఊపిరి. “అన్నయ్యలూ!” అన్నాడు.

“మీ అన్నలా? తన్నుకున్నకొద్దీ బిగుస్తుంది. కదలొద్దని నేనే చెప్పాను, అందుకే ఇంకా ఉన్నారు. తినడం అయ్యాక ఆకు దానంతటదే విప్పుకుంటుంది. మిగిలిన పొట్టు గాలికి పోతుంది.”

“నరికేస్తే?”

“కత్తీ అంటుకుంటుంది. మాంత్రికుడి ప్రాణం ఇందులోనే. ఒకసారి బావినీళ్ళు పోశాను. ఆకు మాడింది, వాడి వేలూ మాడింది. అప్పట్నుంచీ ప్రతి కుండా రుచి చూసి పంపుతాడు. వాననీళ్ళే పొయ్యాలి. సారం లేని నేల కాబట్టే ప్రాణుల్ని తింటుంది. బావినీళ్ళలో ఉన్నపాటి సారాన్ని కూడా వేరు ఓర్చుకోదు.”

నీలకేతు రైతులా తలపాగా చుట్టాడు, పేడ ఎరువు గంపలతో మాంత్రికుడి కోటకి పోయాడు.

“అయ్యా, తమ మొక్క బక్కచిక్కిందండీ. మా ఊళ్ళో గుమ్మడిపాదుకైనా గంపెడు ఎరువేస్తాం.”

బురదలో ఏనాడూ కాలు పెట్టని మాంత్రికుడు నవ్వాడు. “తిండి పెడితే చచ్చే మొక్క ఉంటుందట్రా? తే!”

మొదటి గంప మాంత్రికుడు తన చేత్తోనే మొక్క మొదట్లో వేశాడు. ఏమీ కాలేదు. రెండో గంప వేశాడు. ఏమీ కాలేదు. మూడోది కుమ్మరించాడు.

తెల్లారేసరికి ఆకుల మీద తడి ఆరిపోయింది. అంచులు నల్లబడ్డాయి. కోటలో వాడి గోళ్ళు నల్లబడ్డాయి, చేతులు నల్లబడ్డాయి.

“పింగళా! వాననీళ్ళు! వాననీళ్ళు తేవే!”

పింగళ కుండ బోర్లించింది. వాడి గొంతు ఆగిపోయింది. ఆకులు మెల్లగా విప్పుకున్నాయి. అన్నలిద్దరూ జారిపడ్డారు, ఒళ్ళంతా పాలిపోయి. బతికే ఉన్నారు.

అందరూ ఇంటికి చేరాక నీలకేతుకీ పింగళకీ పెళ్ళయింది. ముగ్గురన్నదమ్ములూ కలిసి చాలాకాలం చల్లగా ఏలారు. పెద్దవాళ్ళిద్దరూ నిద్రపోతుంటే మాత్రం తల్లి దుప్పటి కప్పేది కాదు. చలికాలమైనా సరే, పక్కన కూర్చుని, వాళ్ళ ఊపిరి వింటూ ఉండేది.