నాలుగుదార్ల కూడలిలో గిజిగాడు

ఇప్పలకోన అనే అడవిలో నెమళ్లు, కుందేళ్లు, ఉడతలు, తాబేళ్లు, ఇంకా ఎన్నో జీవులు ఉండేవి. అడవి నడుమ నాలుగు దారులు కలిసే కూడలి ఒకటి. ఇప్పుడంటే అక్కడ కాలు పెట్టడానికి చోటు లేదు గానీ, ఒకప్పుడు వాగు పారేది. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. అబ్బ, ఎంత సందడిగా ఉండేదో!

ఆ రోజులు తాబేలవ్వకు బాగా గుర్తు. ఆ గూళ్ల కింది నీళ్లలోనే ఆమె ఆడుకుంది. తర్వాత వాగు ఎండింది. గాలివానకు చెట్టు పడిపోయింది. ఎక్కడెక్కడి జంతువులో వచ్చి కూడలిలో చేరి, గడ్డి పరక మిగలకుండా తొక్కేశాయి. తాబేలవ్వ అడవి చివరి మడుగుకు వెళ్లిపోయింది.

ఒక వేసవిలో ఆమెకు పాత చోటు చూడాలనిపించింది. మెల్లగా నడుచుకుంటూ కూడలికి వచ్చింది. అక్కడ ఆకలితో ఉన్నవాళ్లు పొడవాటి వరుసలో కూర్చుని ఉన్నారు. ముందు బండ మీద నెమలి నిలబడి ఉంది.

"నా గింజలు కావాలంటే పొద్దున్నే వచ్చి కూర్చోవాలి. నా ఆట అయ్యేదాకా లేవకూడదు. 'నెమలి దొర చల్లగా ఉండాలి' అని అందరూ అనాలి!" అంది నెమలి. పొద్దు వాలాక తలా నాలుగు గింజలు విసిరేది. అదీ దాని దానం!

వరుస చివర బక్కచిక్కిన గిజిగాడు ఒకడున్నాడు. పక్కన తల్లి లేని పిల్లలు రెండు. తాబేలవ్వ జాలిపడి ఒక నేరేడు పండు వాళ్ల ముందు పెట్టి కదిలింది. నాలుగడుగులు వేసిందో లేదో, మనసు ఊరుకోలేదు. "ఈ పూటకు సరే, మరి రేపటికో?" అనుకుంటూ వెనక్కి చూసింది.

గిజిగాడు ఒక ఎండు పరకను ముక్కుతో ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు. తాబేలవ్వ వెనక్కి తిరిగి వచ్చింది. చిన్నప్పుడు తలెత్తి చూసిన ముడి అదే!

"నాయనా, వాగు మీది చెట్టువాళ్లలో ఎవరి అబ్బాయివి?"

"చివరి కొమ్మవాళ్ల అబ్బాయినవ్వా."

"మరి గూడెందుకు కట్టుకోలేదు? పది రోజుల్లో వానలు. ఈ పసివాళ్లు తడిస్తే బతుకుతారా?"

"ఆ భయంతోనే నిద్ర పట్టదవ్వా. రెల్లు కోసం దూరం పోతే వరుసలో చోటు పోతుంది, పిల్లలు పస్తు. వరుసలో కూర్చుంటే పొద్దంతా ఇక్కడే అయిపోతుంది."

తాబేలవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగకుండానే వెళ్లిపోబోయినందుకు తనను తానే తిట్టుకుంది.

"నాతో రా. మా మడుగు మీదికి ఈతచెట్టు వంగి ఉంది. ఒడ్డంతా రెల్లే. గూడు పూర్తయ్యేదాకా మీ తిండి నేను చూసుకుంటా."

నెమలి విరగబడి నవ్వింది. "ఒక్కడికి పెట్టి మురిసిపోకు ముసలీ! నేను వంద మందికి పెడుతున్నా."

తాబేలవ్వ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని బయలుదేరింది.

గిజిగాడు రోజంతా రెల్లు చీరాడు, అల్లాడు. మొదటి గూడు వంకరగా వచ్చింది. ఎన్నాళ్లయింది మరి! విప్పి మళ్లీ కట్టాడు. తొమ్మిదో రోజుకు గూడు పూర్తయింది. పదో రోజు కుండపోత వాన. పిల్లలు లోపల వెచ్చగా పడుకున్నాయి.

తర్వాత గిజిగాడు వరుసలో తనతో కూర్చున్న తోటి గిజిగాళ్లనూ పిలుచుకొచ్చాడు. ఈతచెట్టు నిండా గూళ్లయ్యాయి.

కూడలిలో నెమలి గింజలన్నీ బండ కింది గుంటలో ఉండేవి. వాన నీళ్లు నిండి అన్నీ కుళ్లిపోయాయి. వానాకాలం చివరికి దాని పింఛం కూడా రాలింది. పలకరించే దిక్కు లేదు. ఆకలితో నడిచి నడిచి మడుగుకు వచ్చి, ఈతచెట్టుకు దూరంగా తల దించుకుని నిలబడింది.

గిజిగాడు గుర్తుపట్టాడు. గూట్లో దాచిన గింజలు తెచ్చి ముందు పెట్టాడు.

నెమలి ముట్టుకోలేదు. "ఎంతసేపు కూర్చోవాలి?" అని మెల్లగా అడిగింది.

"తినేంతసేపు," అన్నాడు గిజిగాడు. "తిన్నాక ఏమైందో చెబుదురు గానీ దొరా."

నెమలి ఏడ్చేసింది. తాబేలవ్వ నీళ్లలోంచి తలెత్తి చూసింది. పైన గూళ్లలో పిల్లలు కిచకిచమంటున్నాయి. తన చిన్నప్పటి వాగు మళ్లీ వచ్చిందనిపించింది ఆమెకు.

నీతి: ఆకలితో ఉన్నవాడికి గింజ వేసి వెళ్లిపోతే సాయం కాదు; ఏమైందని అడిగి, వాడు తన పని తాను చేసుకునేదాకా తోడుండడమే సాయం.