పడుగు మీద ఊగిన కోతిపిల్ల

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక సాలెవీధి, ఆ వీధి పొడవునా మగ్గానికెక్కించే నిలువు పోగులు, ఎండకు సాగదీసిన నూలు పడుగు.

అది నేతపని చేసే అంకమ్మది. గంజి పట్టించి ఆరబెట్టింది. చెంగి అనే కోతిపిల్ల కంటికి అది ఉయ్యాలలా కనిపించింది. నిజం చెప్పాలంటే, మనమైనా ఊగేవాళ్లమే! ఎక్కి ఊగింది. ఫట్‌ఫట్‌మని మూడొందల పోగులు తెగాయి.

సంగతి రాజు సభకెక్కింది. రాజు ఉగ్రుడయ్యాడు. "దీన్ని తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్లి మూడు కొండల అవతల వదిలేయండి!"

చెంగి తన తల్లి పొట్టను గట్టిగా కరుచుకుంది.

అప్పుడు ఊరివాళ్లు ముగ్గురు లేచారు. పంతులుగారు, కుమ్మరి పోలయ్య, గాజులమ్మే మస్తానమ్మ.

"మాకిది చుట్టమూ కాదు, పక్కమూ కాదు ప్రభూ. అయినా పసిది. మూడు రోజులు మాకు అప్పగించండి, దిద్దుతాం."

"సరే. నాలుగోనాడు అంకమ్మ మాటే నా తీర్పు."

మొదటిరోజు పంతులుగారు పొద్దుగూకేదాకా నీతులు చెప్పారు. చెంగి ఆయన పిలకలో పేలు వెతికింది.

రెండోరోజు పోలయ్యకు జాలేసింది. "నువ్వు కూర్చో తల్లీ" అని చెంగితో చెప్పి పోగులు తానే అతకబోయాడు. చేతికున్న మట్టంతా నూలుకంటింది.

"చాల్లే మామా, నీకంటే ఆ కోతే నయం!" అని అంకమ్మ తరిమేసింది.

మూడోరోజు మస్తానమ్మ చెంగిని అంకమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి, తను పక్కన చతికిలబడింది.

"అక్కా, నీకేం పోయిందో నువ్వే చెప్పు."

"ఏముంది? ఈ చీర మగ్గం దిగితేనే మా ఇంట్లో అన్నం. పడుగుకు పెట్టగా మిగిలిన గంజే ఆ రాత్రి నా పిల్లలు తాగి పడుకున్నారు."

చెంగి తోక నేలకు వాలిపోయింది.

"పిన్నీ, నాకు ఉయ్యాలే కనిపించింది. నీ పిల్లలు కనిపించలేదు."

"మరి ఇప్పుడేం చేస్తావే?" అంది మస్తానమ్మ.

చెంగి పడుగు దగ్గరికి గెంతింది. మనుషుల కంటికి ఆనని కొసలు వెతికి వెతికి తెచ్చింది. ఎలా మెలిపెట్టాలో అంకమ్మ చూపించింది. సన్నటి వేళ్లతో ఒక్కొక్క పోగే అతికింది. తప్పితే విప్పింది, మళ్లీ అతికింది. దీపాలవేళకు పడుగు బిగిసి నిలిచింది.

నాలుగోనాడు రాజు అడిగాడు. "ఏమంటావు అంకమ్మా, పంపేద్దామా?"

"అయ్యో ప్రభూ! ఇది పోతే రేపు నా పడుగు మీదికొచ్చే తక్కిన కోతుల్ని ఎవరు తరుముతారు?"

సభంతా గొల్లున నవ్వింది. చెంగి ఒక్క గెంతులో తల్లి ఒళ్లో పడింది.

తప్పు చేసిన పసివాళ్లను వెళ్లగొట్టకుండా, పక్కన కూర్చుని ఆ తప్పును వాళ్ల చేతులతోనే దిద్దించే ఊరే మంచి ఊరు.