నేల మీద గీసిన చెట్టు

అనగనగా, ఇప్పపూలు రాలే ఒక అడవిలో గుబురమ్మ అని ఒక ఎలుగుబంటి ఉండేదర్రా. ఒళ్లంతా జుట్టే జుట్టు. దానికి ఒక్కగానొక్క కొడుకు. వాడి పేరు బుంగడు.

బుంగణ్ణి మొదట కొంగ పంతులు బడిలో వేసింది. ఆ బడిలో ఒంటికాలి మీద నిలబడితేనే పాఠం. బుంగడు మొదటి రోజు పడ్డాడు. రెండో రోజు పడ్డాడు. మూడో రోజు పడడం పడడం తిన్నగా పంతులు మీదే పడ్డాడు. పాపం, పంతులు అప్పడమైపోయాడు.

"అమ్మా తల్లీ, మీవాడికి చదువు రాదు. తీసుకుపో!" అన్నాడు పంతులు, రాలిన ఈకలు ఏరుకుంటూ.

గుబురమ్మకు ఒళ్లు మండింది. "ఎందుకు రాదో నేనూ చూస్తా! ఇంట్లో నేనే చెప్పుకుంటా!" అని కొడుకుని వీపు మీద ఎక్కించుకుని వచ్చేసింది.

చెప్పింది కూడా! పుట్ట తవ్వి చెదపురుగులు పీల్చడం వారంలో నేర్పింది. వాగులో ఈదడం ఇంకో వారంలో నేర్పింది. ఇక మిగిలింది చెట్టెక్కడం. అది రాకపోతే కుదరదు. ఎండలు ముదిరితే రేచుకుక్కలు, అదే, అడవికుక్కలు మందగా వాగుకి వస్తాయి. పిల్లలు దొరికితే వదలవు. అవి వచ్చేలోగా బుంగడు చెట్టెక్కడం నేర్చుకోవాలి.

అయితే గుబురమ్మకి చెట్టంటే హడల్! చిన్నప్పుడు తేనె కోసం ఎక్కి దబ్బున కింద పడింది. అప్పట్నించి తలెత్తి కొమ్మని చూసినా కళ్లు తిరుగుతాయి. ఈ సంగతి బయటికి చెబితే నామోషీ కాదూ? "ఎలుగుబంటివై ఉండి చెట్టెక్కలేవా?" అని నవ్వరూ?

అందుకని ఏం చేసిందో తెలుసా? గోరుతో నేల మీద పెద్ద చెట్టు బొమ్మ గీసింది!

"నాయనా, ఇదే చెట్టు. గోళ్లు ఇలా గుచ్చు. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ కాలు. ఊఁ, ఎక్కు."

బుంగడు బోర్లా పడుకుని పాకడం మొదలెట్టాడు. మొదటి రోజు మొదటి కొమ్మ. రెండో రోజు రెండో కొమ్మ. మూడో రోజు ఏకంగా చిటారు కొమ్మ! అక్కడే ఓ కునుకు కూడా తీశాడు.

"జాగ్రత్త నాన్నా, పడతావు!" అంది గుబురమ్మ, పక్కనే చతికిలబడి. నవ్వకండర్రా! కన్నతల్లి బాధ కన్నతల్లిది.

ఆ సాయంత్రం వాగు దగ్గర కొండముచ్చు చెంగమ్మ కనబడింది. అది కూడా కూతురు టింకికి ఇంట్లోనే చదువు చెప్పుకుంటోంది.

"ఏం వదినా, మీవాడి చదువు ఎంతదాకా వచ్చింది?" అంది చెంగమ్మ.

"చిటారు కొమ్మ దాకా వచ్చింది! మరి మీ టింకి?"

"అబ్బో, వాగంతా ఈదేస్తోంది!"

గుబురమ్మ మనసు చివుక్కుమంది. 'అందరి పిల్లలూ ముందుకి పోతున్నారు. నాకే చేతకావడం లేదు' అనుకుంటూ ఇంటికెళ్లింది.

మర్నాడే రేచుకుక్కలు వచ్చాయి. ఒకటి కాదు, అయిదు.

"బుంగా! చెట్టెక్కు!" అని కేకేసింది గుబురమ్మ.

బుంగడు పరిగెత్తాడు. ఎదురుగా ఉన్న ఇప్పచెట్టుని దాటి మరీ పరిగెత్తాడు. నేల మీద గీసిన చెట్టు దగ్గర బోర్లా పడుకుని, చిటారు కొమ్మ దాకా గబగబా పాకి, కళ్లు మూసుకున్నాడు.

కుక్కలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి వేట అవి చూడలేదు.

"చచ్చిందంటావా?" అంది ఒకటి.

"లేదు, ఈదుతోంది," అంది ఇంకోటి.

ఆ కాస్త సందు చాలింది. గుబురమ్మ వెనక కాళ్ల మీద లేచి అడవి దద్దరిల్లేలా అరిచింది. కుక్కలు తోక ముడిచి పారిపోయాయి.

బుంగడు కళ్లు తెరిచాడు. "అమ్మా, నేను పైకి ఎక్కేశాగా! మరి వాటికి ఎలా దొరికాను?"

గుబురమ్మ గుండె తరుక్కుపోయింది. వాణ్ణి వాటేసుకుని భోరుమంది. కుక్కలు మళ్లీ వస్తాయి. ఏం చెయ్యాలి? కొంగ బడికే పంపాలా? ఒంటికాలి మీద నిలబడితే కుక్కలు ఊరుకుంటాయా?

చివరికి చెట్టెక్కడం నేర్పమని అడగడానికి, బుంగణ్ణి వెంటబెట్టుకుని చెంగమ్మ ఇంటికి బయల్దేరింది. దారిలో మూడుసార్లు సిగ్గేసి వెనక్కి తిరిగింది. మూడుసార్లూ కొడుకు మొహం చూసి ముందుకే నడిచింది.

తీరా వెళ్లేసరికి ఏముంది? చెంగమ్మ కూతుర్ని కొమ్మ మీద బోర్లా పడుకోబెట్టింది. "కాళ్లాడించు! నీళ్లు మెడ దాకా వచ్చాయనుకో!" అంటోంది. టింకి గాలిలో ఈత కొడుతోంది.

గుబురమ్మను చూసి చెంగమ్మ మొహం పాలిపోయింది. "వదినా... నాకు నీళ్లంటే భయం. వానలకి వాగు పొంగితే పిల్ల ఏమైపోతుందోనని..." అని గొణిగింది.

"నాకు చెట్లంటే భయం. నేల మీద బొమ్మ గీసి నేర్పాను," అంది గుబురమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక చూడండి నవ్వు! పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఏడ్చారు.

"నేనొక పనికిమాలిన పంతులమ్మని," అని కళ్లు తుడుచుకుంది గుబురమ్మ.

"ఆగు, ఆ మాట వాణ్ణి చూశాక అందాం," అంటూ చెంగమ్మ బుంగణ్ణి నిజం చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. వాడు మానుకి గోళ్లు గుచ్చాడు. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ కాలు.

"చూశావా? అంతా నువ్వు నేర్పిందే! సగం పని చేసిపెట్టావ్. చెట్టొక్కటే తక్కువైంది," అంది చెంగమ్మ.

గుబురమ్మకి ఏనుగంత బలం వచ్చింది. ఆ రోజు నుంచీ పొద్దున్న బుంగడు చెంగమ్మ దగ్గర చెట్టెక్కేవాడు. మధ్యాహ్నం టింకి గుబురమ్మ వీపు పట్టుకుని వాగులో ఈదేది.

అయిదో రోజు కుక్కలు మళ్లీ వచ్చాయి. ఈసారి తెలివిగా తిన్నగా నేల మీది బొమ్మ దగ్గరికెళ్లి, చిటారు కొమ్మ దాకా వాసన చూశాయి. అక్కడ ఎవరూ లేరు. గుబురమ్మ ఒక్క అరుపు అరిచేసరికి మళ్లీ కాళ్లకి బుద్ధి చెప్పాయి.

ఇప్పచెట్టు పైనుంచి బుంగడు అరిచాడు. "అమ్మా! నువ్వు గీసిన చెట్టు ఇక్కణ్ణుంచి కనబడుతోంది! ఎంత చిన్నదో!"

గుబురమ్మ తలెత్తి చూసింది. కళ్లు గిర్రున తిరిగాయి. అయినా వాణ్ణి చూస్తూనే ఉంది.

నీతి: పిల్లలకి ఇంట్లో చదువు చెప్పే అమ్మానాన్నలు అన్నీ తెలిసినట్టు ఉండక్కర్లేదు. రానిదాన్ని రాదని చెప్పి సాయం అడిగితే, పిల్లలకి చదువూ వస్తుంది, పెద్దలకి ధైర్యమూ వస్తుంది.