సొరపందిరి మీద చెండు

శ్రావణ శుద్ధ దశమి, బుధవారం, మధ్యాహ్నం అన్నాల వేళ. జమీందారుగారు స్నేహితులతో కర్రచెండాట ఆడుతున్నారు. చెండును గుంటలో వేయలేక ఓడినవాడు గెలిచినవాణ్ణి వీపున మోయాలి. ఆయన కొట్టిన చెండు మా ముత్తవ్వ పేరిందేవి సొరపందిరి మీద కూర్చుంది. తొలికాయ స్వామికని ఆవిడ మొక్కుకున్న పాదు అది.

"పందిరి పీకెయ్యండిరా!" అన్నారు జమీందారుగారు.

"పీకించండి దొరా. కర్ర తగలకుండా చెండు కదిలితే ఓటమేనని పొద్దున మీవాళ్ళని దబాయించింది తమరేగా? పందిరి పడితే చెండు పడదూ?" అంది ముత్తవ్వ.

"మరెలా కొట్టను?"

"కాపంతా అయ్యాక నిచ్చెనేసుకుని కొడుదురుగాని. కార్తీకం దాకా ఆగితే చాలు."

"ఇప్పటికే ఒక్కో దెబ్బకీ జపం చేసినంతసేపు నిలబడతాడు, ఇంకా ఆగాలా!" అని స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. దొరగారూ నవ్వేసి, వీపు వంచారు.

మర్నాడు పొద్దున్నే మావాళ్ళు తొలికాయ స్వామికి నివేదించి, పులుసు పెట్టి, మొదటి గిన్నె దొరగారికే పంపారు, నడుంనొప్పికి మంచిదని.