నా బొరియ అంగడైన వైనం

మా అడవిలో తెలివైనదెవరని అడిగితే ముందరి కాలెత్తేది నేనే. నక్కని కదా, సిగ్గు మా వంశంలో లేదు.

మా సింహం రాజు పన్ను కట్టించుకుంటాడు. సంతలో పది ఈతపండ్లు అమ్మితే రెండు ఆయన గుహకే. వ్యాపారం మీద తిరిగితే మాత్రం కోసు దూరానికి ఒక పండు మినహాయింపు. ఇంటి నుంచి అంగడికొచ్చే నడక అందులోకి రాదు. నా బొరియ నుంచి సంతలో నా కొట్టుకి రానూపోనూ ఆరు కోసులు. రోజూ ఆరు పండ్లు నష్టం! కడుపు మండిపోయేది.

"ఎద్దు మామా, నీకు మినహాయింపు ఇచ్చారట?"

"సంత నుంచి రేవుకి బస్తాలు మోశానమ్మా. అది పని. మా పాక నుంచి సంతకి నడిచింది రాయించలేదు."

"అందుకే నిన్ను ఎద్దన్నారు!" అని తోకూపుకుంటూ పన్ను లెక్కలు రాసే తాబేలు గుమాస్తా దగ్గరికెళ్లాను.

"అయ్యా, నా బొరియ కూడా అంగడే. సరుకంతా అక్కడే. ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి నడిస్తే వ్యాపారమేగా?"

తాబేలు మెడ బయటికి చాపింది. "బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచన మా ఇంటి పంటండీ!"

"సరే, రాశాను. ఏడాది దాకా మారదు."

తెల్లారేసరికి గుమ్మంలో ఎలుగుబంటి, వెనక ముగ్గురు పిల్లలు.

"ఏమే, కొత్త అంగడట. రుచి చూపించవూ?"

మా అడవిలో అడిగినవాళ్లకి ఊరికే రుచి చూపించని అంగడిని ఎత్తేయిస్తారు. దాంతోపాటు సంతలో నా కొట్టూ పోతుంది.

"ఇది ఇల్లు పిన్నీ!"

"గుమాస్తా అంగడని చాటించాడే!"

ఎలుగు రుచి చూసింది. పిల్లలు రెండేసిసార్లు చూశారు. తర్వాత అడవిపందులు దిగాయి. పందికి రుచంటే ఎంతో మీకు చెప్పాలా? పొద్దుగూకేసరికి వానాకాలానికి ఎండబెట్టి దాచుకున్న పండ్లన్నీ పోయి గింజలు మిగిలాయి.

గుమాస్తా దగ్గరికి పరిగెత్తాను. "ఆ రాత కొట్టేయండయ్యా, అది ఇల్లే!"

"కొట్టేస్తాను. వచ్చే ఏడు రా."

తిరిగొస్తుంటే ఎద్దు మామ ఎదురయ్యాడు. ఎగతాళి చేసినా బాగుండేది. జాలిపడ్డాడు.

"వానల్లో ఏం తింటావమ్మా?"

"ఆలోచన తింటాను మామా. మా ఇంటి పంటేగా!"

ఆరు పండ్ల కోసం ఇంటిని అంగడన్నవాళ్లకి, ఆకలేసిన రోజున ఇల్లూ ఉండదు, పండూ ఉండదు.