దేవవ్వ తవ్విన పుట్ట

గుండ్ల బీడు అంచున ఇల్లు కట్టుకున్న దేవవ్వకు తిండికీ బట్టకూ లోటు లేదు గానీ, తన యారాలు కొంరవ్వ చేతిలో మంచిది ఏది కనబడినా కడుపు భగ్గుమనేది. కొంరవ్వ ఆమె మరిది భార్య. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం.

ఆ బీడు ఎవరి పట్టాలోనూ లేదు. ఎండాకాలమంతా రాళ్లు, పల్లేరు కాయలు తప్ప అక్కడ ఏమీ ఉండేవి కావు. తొలకరి పడిందంటే మాత్రం నేలంతా లేచి కూర్చునేది. గరిక చిగురు పెట్టేది, తుమ్మి మొక్కలు తలెత్తేవి, ఎర్రని మఖమలు ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు పిల్లల అరచేతుల్లో పాకేవి. చెదల పుట్టల మీద పుట్టగొడుగులు మొలిచేవి. వాటికి ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. నెర్రె విచ్చిన పుట్టను ముందు ఎవరు చూస్తే వాళ్లు దాని మీద తంగేడు రెమ్మ ఉంచి వచ్చేవారు. ఇక దాని జోలికి మరొకరు పోయేవారు కాదు. గొడుగులను చేత్తోనే తెంపాలి, పుట్టకు ఇనుము తగలనివ్వకూడదు.

ఏటా పెద్ద పుట్ట మీద రెమ్మ కొంరవ్వదే. పొద్దు పొడవకముందే లేచి వెళ్లేది మరి. కూర వండి ముందుగా ఒక గిన్నె గోడ మీదుగా అందించేది. దేవవ్వ గిన్నె అడుగు దాకా ఊడ్చి తిని, "ఉప్పెక్కువైంది" అని గిన్నె తిప్పి పంపేది. మెచ్చుకుంటే యారాలు ఎక్కడ పొంగిపోతుందోనని ఆమె బాధ.

ఆ ఏడు దేవవ్వ కూతురు అనసూయ వేవిళ్లతో పుట్టింటికి వచ్చింది. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. దేవవ్వ పచ్చిపులుసు చేసింది, సర్వపిండి కాల్చింది. పిల్ల దేన్నీ ముట్టలేదు.

"మరేం తినబుద్ధయితుంది బిడ్డా?" అని అడిగింది దేవవ్వ.

"చిన్నమ్మ చేతి పుట్టగొడుగుల కూర అయితే తింటనే అమ్మా."

కూతురు నోరు తెరిచి అడిగినందుకు సంతోషించాల్సింది పోయి దేవవ్వ ముఖం మాడ్చుకుంది. తాను వండితే కక్కుతుందట, కొంరవ్వ వండితే తింటుందట!

ఆ రాత్రే వాన పడింది. తెల్లవారగానే దేవవ్వ బుట్ట పట్టుకుని బీడుకు ఉరికింది. పెద్ద పుట్ట అప్పుడే నెర్రెలు విచ్చుతోంది. దాని మీద అప్పటికే తంగేడు రెమ్మ ఉంది. దేవవ్వకు ఒళ్లు మండిపోయింది. 'ఏటేటా ఈ పుట్టే కాస్తుందంటే లోపల విత్తనం ఉన్నట్టే. అది నా పెరట్లో ఉంటే కొంరవ్వ ముఖం ఎవరు చూస్తారు?' అనుకుంది.

మిట్టమధ్యాహ్నం బీడులో ఎవరూ లేని వేళ గడ్డపార తెచ్చి పుట్టను తవ్వింది. లోపల తేనెతుట్టెలాంటి మెత్తని గడ్డలు, వాటి మీద సగ్గుబియ్యం కంటే చిన్న తెల్లని గింజలు కనిపించాయి. చెదలు చెల్లాచెదురై పరుగెత్తాయి. "ఇదే విత్తనం" అంటూ దేవవ్వ ఆ గడ్డలను బుట్టకెత్తుకుని పోయి, తన పెంటకుప్పలో పాతి నీళ్లు చల్లింది.

మర్నాడు కొంరవ్వ ఏడుపు ముఖంతో వచ్చింది. "ఎవలో పుట్టను తవ్విపోసిన్రక్కా. ఒక్క పొద్దు ఆగితే విచ్చుకునేటియి. అన్నీ అనసూయకే ఇద్దామనుకున్న."

దేవవ్వ చూపు పెంటకుప్ప మీదికి పోయింది. అయినా తమాయించుకుని, "పందులై ఉంటయి" అనేసింది.

కొన్నాళ్లకు పెంటకుప్ప మీద తెల్లని గొడుగులు లేచాయి. దేవవ్వ పట్టలేని సంతోషంతో యారాలిని పిలిచి మరీ చూపించింది. కొంరవ్వ ఒకటి తుంచి వాసన చూసింది.

"అక్కా, ఇయి కుక్కగొడుగులు. పిల్లకు పెట్టకు. పుట్టగొడుగు పెంట మీద మొలవదు. చెదలు లోపల సాకితేనే అది మొలుస్తది."

"నా పెరట్ల మొలిస్తే నీ కండ్లల్ల నిప్పులు పడ్డయా?" అంది దేవవ్వ. అందరి కడుపూ తన కడుపులాగే మండుతుందనుకుంది పాపం.

కూర ఉడికింది. అనసూయ ఆశగా పళ్లెం ముందు కూర్చుంది. ఇంట్లో నిలవలేక కొంరవ్వ పరుగున వచ్చి ఆ పళ్లెం లాక్కుంది.

"ముందు నువ్వు తినక్కా. జరసేపు ఆగి పిల్ల తింటది" అంది, అట్లా అంటేనైనా అక్క వెనక్కి తగ్గుతుందని.

"తింట! నాకేం భయం?" అని దేవవ్వ పంతానికి పోయి పళ్లెం ఖాళీ చేసింది.

చూస్తుండగానే ఆమెకు చెమటలు పట్టాయి. కళ్లు తిరిగాయి. వాంతుల మీద వాంతులయ్యాయి. కొంరవ్వే ఆటో పిలిచి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయింది. "కడుపుతో ఉన్న పిల్ల తిని ఉంటే చాలా ప్రమాదమయ్యేది" అన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే దేవవ్వ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఇంటికి వచ్చాక యారాలి చేయి పట్టుకుంది. "పుట్టను తవ్వింది పందులు కావే. నేనే."

"ఎరుకే. పందులు గడ్డపార పట్టుకపోవు గద."

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా పోలె" అంది కొంరవ్వ.

దేవవ్వ పెంటకుప్పలోని గడ్డలు తీసి చూసింది. అవి కుళ్లి బూజు పట్టాయి. పుట్టను మట్టితో పూడ్చి వచ్చింది గానీ చెదలు మళ్లీ ఆ పుట్టకు రాలేదు. వానాకాలమంతా తెల్లవారకముందే లేచి బీడంతా వెతికింది. చిన్న పుట్టలేవీ ఆ ఏడు కాయలేదు, ఒక్క గొడుగైనా దొరకలేదు.

అనసూయను తీసుకుపోవడానికి అల్లుడు వచ్చాడు. బస్సు ఎక్కబోతూ అనసూయ, "ఏం చేస్తమే అమ్మా, ఈ ఏడు నాకు తినే రాత లేదు" అని తల్లినే ఓదార్చింది. పీక్కుపోయిన ఆ ముఖం చూసి, రాత కాదు బిడ్డా అని చెప్పడానికి దేవవ్వకు నోరు రాలేదు.

నీతి: ఎదుటివారికి దక్కకూడదన్న అసూయతో చేసే పని ముందుగా మన బిడ్డల నోటికాడి ముద్దనే తీసేస్తుంది.